సొంత జబ్బు

"చెల్లీ, మీ బావగారితో చెప్పు. ఇస్త్రీ చేసిన చొక్కాలు మంచం మీద ఉన్నాయని. నలిగినవి తీసుకెళ్ళి నా పరువు తీయొద్దని."

వంటగదిలోంచి పెద్దకోడలు అన్న మాట ఇది. బావగారు ఉన్నది పక్క గదిలోనే. పది అడుగుల దూరం. ఆయన చెవులకు ఏ జబ్బూ లేదు.

చిన్నకోడలు రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. "బావగారూ, అక్క ఏమంటోందంటే..."

"విన్నానమ్మా. రెండు చొక్కాలు చాలని చెప్పు మీ అక్కకి. నాన్న దర్జీ కొట్టు వెనక గదిలో చిలక్కొయ్యలు రెండే ఉన్నాయని."

మొగుడూ పెళ్ళాల మాటలు తొమ్మిది రోజులుగా ఇలాగే చుట్టు తిరిగి నడుస్తున్నాయి. ఈ ఉదయం కొత్తగా వచ్చింది ట్రంకు పెట్టె ఒక్కటే. బావగారు దాన్ని అటక మీంచి తనే దించాడు. దించుతూ మూడుసార్లు ఆగాడు. మూడోసారి స్టూలు మీదే కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊపిరి కోసం ఎదురుచూశాడు. వంటగదిలో గరిట చప్పుడు ఆగిపోయింది. ఆయన మళ్ళీ లేచిన అలికిడి విన్నాకే ఆ గరిట కదిలింది.

చిన్నకొడుకు బస్సు కండక్టరు. డ్యూటీకి బయల్దేరబోతూ, బూట్లు వేసుకుంటూ, పెట్టెను చూసి ఆగాడు. "ఏంటన్నయ్యా, నిజంగానే వెళ్తావా?"

"కొట్టు మనదే కదరా. నేనేమన్నా దేశాలు పట్టుకుని పోతున్నానా?"

"మనదేలే. కానీ అక్కడ నీకు తోడెవరు? ఆ తలకాయ లేని కోటు బొమ్మా?"

"అదే నయం. అనుమానించదు."

వంటగదిలో గిన్నె మీద మూత ఠంగుమని పడింది.

"వదినా, నువ్వైనా ఒక్క మాట అను" అన్నాడు కండక్టరు.

"నేనేం అంటాను? అనాల్సింది కాగితమే అంది కదా తొమ్మిది రోజుల కిందట. నీ పెళ్ళామే చదివి చెప్పింది."

కండక్టరు భార్య వైపు చూసి కన్ను గీటాడు. 'మా డిక్షనరీ' అని ఆమెకు పేరు పెట్టింది అతనే. ఆ పేరు బస్సు డిపోలో కూడా అందరికీ తెలుసు. రోజూ ఆ చూపుకి ఆమె నవ్వేది. ఇవాళ నేల చూసింది.

ఆమెకు నిన్న మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఒక సంగతి తెలుసు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

*

స్కానింగ్ రిపోర్టు వచ్చిన రోజు అందరూ ఈ గదిలోనే కూర్చున్నారు. బావగారికి ఆరు నెలలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. కాగితం ఇచ్చినవాళ్ళు వివరం చెప్పలేదు, డాక్టరుగారే చెప్తారన్నారు. ఆయన ఇచ్చిన తారీఖు మూడు వారాల తర్వాత. మూడు వారాలు ఎవరు ఆగుతారు, ఇంగ్లీషు మాటల కుట్లు విప్పే మనిషి ఇంట్లోనే ఉండగా?

కుట్లు విప్పడం ఆ ఇంటి విద్య. మామగారు కోట్లు కుట్టే దర్జీ. అయిదో తరగతితో బడి మానేసి, పాత కోట్లు విప్పి చూసి పని నేర్చుకున్నాడు. ఇంగ్లీషు మాటల్నీ అలాగే విప్పడం మొదలుపెట్టాడు. ముందొచ్చే ముక్క కాలరు, వెనకొచ్చే ముక్క చేతిపట్టీ, మధ్యలోది అసలు గుడ్డ. గుడ్డ ఏ మగ్గానిదో తెలిస్తే మాట తెలిసినట్టే. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు టీ పట్టుకెళ్ళి ఇచ్చి, ఆయన ముక్కలుగా రాసుకుంటున్న మాట చూసి, "ఇదేంటి మామయ్యా?" అని అడిగింది. అంతే, అప్పటినుంచి ఆమెకూ ఆ పిచ్చి అంటుకుంది. ఇప్పుడు ఈ శుక్రవారం ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది.

కాగితం ఆమె చేతికిచ్చారు.

"పల్మనరీ అంటే ఊపిరితిత్తులకి సంబంధించింది. ఫైబ్రోసిస్‌లో ఉన్నది ఫైబరు, అంటే పీచు. మెత్తగా ఉండాల్సింది పీచులా గట్టిపడటం." అంతవరకూ సరిగ్గానే చెప్పింది. మిగిలింది మొదటి మాట. ఇడియోపతిక్. "పతీ మనకి తెలిసిన ఇల్లే. సింపతీ వాళ్ళ ఇల్లు. పాథోస్, బాధ, జబ్బు. ఇడియో అంటే సొంతం, తనది."

"ఇడియట్ కూడా ఆ ఇంటివాడేనా?" అన్నాడు కండక్టరు.

"ఆ ఇంటివాడే. తన సొంత గొడవ తప్ప ఊరి గొడవ పట్టనివాడు."

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

"అయితే అన్నీ కలిపితే?" పెద్దకోడలు అడిగింది.

"సొంత జబ్బు. అంటే..." ఒక్క క్షణం ఆలోచించి, పరీక్షలో జవాబు రాసినట్టు చెప్పేసింది. "తనంతట తాను తెచ్చిపెట్టుకున్నది."

పెద్దకోడలి చూపు భర్త వేళ్ళ మీదికి పోయింది.

పదకొండేళ్ళ కిందట బావగారు సిగరెట్టు మానేశాడు. ఆ రోజు పెద్దకోడలు దేవుడి ముందు నిలబడి, ఆయన అది ముట్టుకోనన్నాళ్ళూ తను తీపి ముట్టుకోనని మొక్కుకుంది. పదకొండేళ్ళుగా చక్కెర లేని టీ తాగింది. ఎవరింటికెళ్ళినా, ఎవరెంత బతిమాలినా, నోట్లో తీపి వేసుకోలేదు.

ఆ సాయంత్రం ఆమె అరవలేదు. ఏడవలేదు. టీ పెట్టుకుని, రెండు చెంచాల చక్కెర వేసుకుని, ఆయన ఎదురుగా కూర్చుని కప్పు ఖాళీ చేసింది.

"నేను ముట్టుకోలేదే" అన్నాడు ఆయన. ఆ రోజు నాలుగుసార్లు అన్నాడు. మర్నాడు రెండుసార్లు. మూడో రోజు నుంచి మానేశాడు.

నిన్న మధ్యాహ్నం చిన్నకోడలు లైబ్రరీకి వెళ్ళింది, పరీక్షకి డాక్టర్ల డిక్షనరీ చూసుకోవడానికి. ఆ మాట కోసం వెతకలేదు. వేరే మాటకోసం పేజీ తిప్పుతుంటే అదే ఎదురైంది. దాని కింద ఒక్క ముక్కలో రాసి ఉంది, కారణం తెలియని జబ్బు అని.

మూడుసార్లు చదివింది. గోడ గడియారం చూసింది, మూడయింది. పుస్తకం మూసేసి ఇంటికొచ్చి కూరలు తరిగింది.

తెలియక చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడంటారు. తెలిశాక నోరు మూసుకున్న గంటల మాటేమిటి? దాని గురించి పెద్దలు ఏమన్నారో ఆమెకు గుర్తు రాలేదు.

*

కండక్టరు వెళ్ళిపోయాడు. పెద్దకోడలు బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

చెప్పడానికి ఇదే సమయం అనుకుని చిన్నకోడలు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చింది. కుర్చీ సర్దింది. సర్దిన కుర్చీని మళ్ళీ సర్దింది. కిటికీ తీసింది, మూసింది.

"ఏంటమ్మా, కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావు? పరీక్ష భయమా?" అన్నాడు బావగారు.

"ఊఁ."

"నీకు భయమేంటి! ఇలా రా, ఒక మాట అడగాలి." ఆయన జేబులోంచి రిపోర్టు తీశాడు. మడతల దగ్గర చిరుగుతోంది. ఎన్నిసార్లు విప్పి ఉంటాడో. "ఇంకొకసారి చూసి పెట్టమ్మా. ఏం చేస్తే వచ్చిందో కూడా ఎక్కడైనా రాశారేమో."

"బావగారూ..."

"సిగరెట్టు కాదు. నేను ముట్టుకోలేదు, అది నాకు తెలుసు. కానీ నేనే తెచ్చుకున్నానని కాగితంలో ఉందంటే, నేనేదో చేసే ఉంటాను కదా. చదువుకున్నవాళ్ళు ఊరికే రాస్తారా? రాత్రంతా ఆలోచిస్తున్నాను. చిన్నప్పుడు ఒకడి చెయ్యి విరగ్గొట్టాను. అదా? నాన్న మీద ఒకసారి కత్తెర విసిరాను. ఏది చేస్తే ఊపిరితిత్తులకి తగులుతుందో నాకెలా తెలుస్తుంది?"

ఆయన వేళాకోళానికి అనడం లేదు. కాగితాన్ని ఆమె వైపు చాపి, నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు.

ఆమె నోరు తెరిచింది. అప్పుడే మెట్ల మీద పెద్దకోడలి చెప్పుల చప్పుడైంది. బావగారు గబుక్కున కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా.

"చెల్లీ, కొట్టుకి భోజనం పట్టుకెళ్ళే వేళయింది. మామయ్య ఎదురుచూస్తుంటారు" అంది పెద్దకోడలు, గోడ వైపు చూస్తూ.

*

కొట్టులో మామగారు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, బ్లేడుతో ఒక పాత కోటు కుట్టు విప్పుతున్నాడు. కళ్ళద్దాలు ముక్కు కొనకి జారి ఉన్నాయి. వెనక గోడ నిండా మేకులు, ప్రతి మేకుకీ ముదురు రంగు కాగితపు నమూనాలు. సగం కోట్లవి, సగం మాటలవి. కోటు నమూనా మీద భుజం కొలతలు ఉన్నట్టే, మాట నమూనా మీద దాని కుటుంబం రాసి ఉంటుంది. 'స్పెక్ట్, చూపు' అని ఒకటి. దాని కింద ఇన్‌స్పెక్ట్, లోపలికి చూడటం. రెస్పెక్ట్, వెనక్కి తిరిగి మళ్ళీ చూడటం. సస్పెక్ట్, కిందినుంచి చూడటం.

"పెట్టు అక్కడ. ఈ భుజం విప్పేసి తింటాను. చూశావా, ఇది మూడు చేతులు మారిన కోటు. మూడుసార్లు మార్చి కుట్టారు" అన్నాడు మామగారు.

ఆమె డబ్బా పెట్టలేదు. చేత్తో పట్టుకునే ఉంది.

"మామయ్యా, బావగారి కాగితంలో మాటకి నేను చెప్పిన అర్థం తప్పు."

బ్లేడు ఆగలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళి, అప్పుడు ఆగింది.

"తప్పంటే?"

"కారణం తెలియని జబ్బు అట. ఎందుకొచ్చిందో డాక్టర్లకి కూడా తెలియదని చెప్పే మాట అట."

"మరి సొంతం అన్నావు?"

"సొంతమే. కానీ మనిషిది కాదు, జబ్బుది. దేని వల్లా కాకుండా దాని పాటికి అదే వచ్చిందని. నేను మనిషికి అంటగట్టాను."

మామగారు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత లేచి, బల్ల కింది సొరుగు లాగి, దారంతో కట్టిన ఒక కాగితాల కట్ట తీశాడు. ఆమె ఆ కట్టను ఎప్పుడూ చూడలేదు.

"ఇవేంటి?"

"కుదరని నమూనాలు."

పైనున్న కాగితం మీద ఆయన వంకర రాతలో 'నైస్' అని ఉంది. దాని కింద, 'పుట్టినప్పుడు: ఏమీ తెలియనివాడు.' దాని కిందిది 'ఆర్టరీ'. పక్కన, 'గాలి గొట్టం'.

"ఆర్టరీ అంటే నెత్తురు పారే గొట్టం కదా!"

"పాతకాలం వాళ్ళు అందులో గాలి ఉంటుందనుకున్నారు. అలాగే పేరు పెట్టేశారు. పేరు పెట్టినవాడికే తెలియనప్పుడు, పేరు విప్పినవాడికి ఏం తెలుస్తుంది?" మామగారు విప్పిన కోటు భుజాన్ని వేళ్ళతో తడిమాడు. "అతుకు చూస్తే గుడ్డ ఎక్కడిదో చెప్పచ్చమ్మా. ఇవాళ ఎవరు తొడుక్కున్నారో చెప్పలేం. అది తెలియాలంటే వీధిలోకి వెళ్ళి ఆ మనిషినే చూడాలి."

"ఇన్నాళ్ళూ ఈ కట్ట నాకెందుకు చూపించలేదు మామయ్యా?"

ఆయన కట్టకి మళ్ళీ దారం చుట్టాడు. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"కోటు వేసుకున్నవాడికి లోపలి అతుకులు ఏ దర్జీ చూపిస్తాడు? ఒక్కో మాట విప్పినప్పుడల్లా నీ మొహం వెలిగేది. ఈ ఇంట్లో నా పిచ్చి ఇంకెవరికీ అంటలేదు. ఇవి చూపిస్తే నీకూ దిగిపోతుందేమోనని భయమేసింది. నాది స్వార్థం."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న."

"నిన్ననా?"

"చెప్దామనుకున్నాను. అందరూ నన్ను డిక్షనరీ, డిక్షనరీ అంటుంటే... పన్నెండు రోజులాగితే డాక్టరే చెప్తాడు కదా, నేను చెప్పినట్టు ఉండదు కదా అనిపించింది."

మామగారు బ్లేడు మూసి పెట్టెలో పెట్టాడు. మేకుకున్న తన కోటు తీసుకుని తొడుక్కున్నాడు. "పద. నేను తప్పు నేర్పానని నేనే చెప్తాను."

"వద్దు మామయ్యా. నోరు నాది."

"సరే, నువ్వే చెప్పు. నేను పక్కన ఉంటాను."

పట్టపగలు కొట్టు తలుపు మూయడం ఆ వీధివాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్న మంగలి సబ్బు నురుగుతో ఉన్న కుంచె పట్టుకుని బయటికొచ్చాడు. "ఏం పెద్దాయనా, అంతా క్షేమమేనా?"

"దేవుడి దయ" అన్నాడు మామగారు. ఆగకుండా నడిచాడు. భోజనం డబ్బా విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

*

బావగారు మూసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పెద్దకోడలు కిటికీ దగ్గర, ఆయనకు వీపు తిప్పి, కొట్టు నుంచి వచ్చిన చొక్కాలకు గుండీ కాజాలు కుడుతోంది. కాజాకీ కాజాకీ మధ్య దారం గట్టిగా లాగి తెంపుతోంది.

"మామయ్యా, మీరేంటి ఈ వేళప్పుడు?" అంది లేస్తూ.

"కూర్చోమ్మా. చిన్నమ్మాయి ఒక మాట చెప్తుంది."

చిన్నకోడలు దారిలో ఎన్నో రకాలుగా కూర్చుకుంది. మూలాలతో మొదలుపెట్టాలనుకుంది. ఎలా పొరపాటు జరిగిందో ముందు వివరించాలనుకుంది. తీరా నిలబడ్డాక మిగిలింది ఇంతే.

"అక్కా, కాగితంలో బావగారి తప్పు ఏమీ లేదు. కారణం తెలియని జబ్బు అని రాశారు. నేనే తప్పు చెప్పాను."

సూది గాల్లో ఆగింది.

"మళ్ళీ చెప్పు."

"బావగారు ఏం చేశారనీ అందులో లేదు. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు."

పెద్దకోడలు సూదిని జాగ్రత్తగా చొక్కా కాలరుకి గుచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి భర్త వైపు పూర్తిగా తిరిగింది. ఏం మాట్లాడాలో తెలియనట్టు ఆయన మొహమంతా చూసింది. ఆయన చిక్కిపోయిన సంగతి ఇప్పుడే కనిపించినట్టుంది.

"ఏమండీ" అంది.

బావగారు ఆమెను చూడలేదు. చిన్నకోడలినే చూస్తున్నాడు. "ఏ తప్పూ లేకుండానే వచ్చిందా అమ్మా?"

"అవును బావగారూ."

"అయితే ఏం మానేస్తే పోతుంది?"

ఆమె భోజనం డబ్బా నేల మీద పెట్టింది.

"నా తప్పే అనుకున్నన్ని రోజులూ ఒక ఆశ ఉండేది. ఏంటో తెలిస్తే మానేస్తాను, దేవుడి కాళ్ళ మీద పడతాను, అది తగ్గుతుంది అని. ఎవరి తప్పూ కాకపోతే ఇక దేవుడిని ఏమని అడగాలి?" అన్నాడు బావగారు.

మామగారు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

పెద్దకోడలు వచ్చి పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. "ఏమండీ, నేను పాపిష్టిదాన్ని. పదకొండేళ్ళు మాట నిలబెట్టుకున్న మనిషిని పక్కన పెట్టి కాగితాన్ని నమ్మాను. తిట్టండి. లేవండి, పెట్టె విప్పుతాను."

"ఆగు. నువ్వేం నెత్తిన వేసుకోకు. ముందు ఇది విను." బావగారు ఊపిరి తీసుకున్నాడు. "నిన్న సాయంత్రం సిగరెట్టు తాగాను."

పెద్దకోడలు పెట్టె గొళ్ళెం మీంచి చెయ్యి తీసింది.

"చెయ్యనిదానికి ఎలాగూ శిక్ష పడింది కదా, చేస్తే ఇంకేం పోయింది అనిపించింది. వీధి చివర కొట్లో ఒకటి కొన్నాను. సగం తాగేసరికి దగ్గు తెర పట్టుకుంది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఎవరో పుణ్యాత్ముడు మంచినీళ్ళిచ్చాడు. లేకపోతే అక్కడే అయిపోయేదేమో."

"ఎన్ని గంటలప్పుడు?" అంది పెద్దకోడలు. గొంతు మామూలుగానే ఉంది.

"ఆరు దాటింది."

ఆమె నేల మీదినుంచే తలెత్తి తోడికోడలి వైపు చూసింది. "చెల్లీ, నీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే కొట్లో మేమిద్దరం..." అన్నాడు మామగారు.

"నిన్న, అక్కా" అంది చిన్నకోడలు.

"నిన్న ఎప్పుడు?"

"మూడింటికి."

మూడింటికీ ఆరింటికీ మధ్య ఏముందో ఆ గదిలో నలుగురికీ తెలుసు. నిన్న ఆ మూడు గంటల్లో చిన్నకోడలు ఈ కిటికీ దగ్గరే కూర్చుని కూరలు తరిగింది. పెద్దకోడలు పక్కనే ఉంది. ఇద్దరూ దోసకాయ చేదుగా ఉందో లేదో మాట్లాడుకున్నారు.

పెద్దకోడలు లేచింది. లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. కొంగు తడిగా కనిపిస్తుందేమో, ఏడుస్తూ వస్తుందేమో అని చిన్నకోడలు చూసింది. ఆమె చేతిలో తన బట్టలతో వచ్చింది. భర్తను లేపి, పెట్టె మూత ఎత్తి, ఆయన రెండు చొక్కాల మీద వాటిని సర్దింది.

"ఇదేంటమ్మా? తగువు తీరిపోయింది కదా!" అన్నాడు మామగారు.

"మా ఇద్దరిదీ తీరింది మామయ్యా."

"మరి?"

"ఆయనకి ఇంకా ఎన్ని కాగితాలొస్తాయో. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఎవరికి ఏం తెలుసో, ఎప్పటినుంచి తెలుసో అని మొహాలు వెతుక్కుంటూ బతకలేను. కొట్టు వెనక గది మాకు చాలు. వంట అక్కడే చేస్తాను, మీకు భోజనం దూరం కూడా ఉండదు."

"అక్కా, పరీక్ష రాయను. నా మాటల కాగితాలన్నీ చింపేస్తాను" అంది చిన్నకోడలు.

"నీ చదువు మీద నాకెందుకే కోపం? తప్పు చదివావు. పోనీ. నేనూ తప్పుగానే నమ్మాను. పరీక్ష రాయి, బాగా రాయి." పెద్దకోడలు మూత నొక్కి గొళ్ళెం వేసింది. "నా పక్కన కూర్చుని దోసకాయ రుచి చూసి చెప్పావు చూడు. అదే మింగుడు పడటం లేదు."

పెట్టె పిడి ఒకటి తను పట్టుకుంది. బావగారు రెండో పిడికి వంగబోయాడు.

"మీరు కాదు" అంది. "చెల్లీ, అటు పట్టుకో."

చిన్నకోడలు కదల్లేదు. ఎత్తితే వాళ్ళను తనే బయటికి పంపినట్టు. ఎత్తకపోతే ఆయాసంతో ఉన్న మనిషి ఎత్తుతాడు. మామగారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

వంగి, పట్టుకుంది.

మెట్లు ఇరుకు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కో మెట్టే దిగుతున్నారు. ముందు పెద్దకోడలు, వెనక చిన్నకోడలు. మలుపు దగ్గర కిందినుంచి ఈల వేసుకుంటూ కండక్టరు భోజనానికి ఎక్కి వస్తున్నాడు. టిక్కెట్ల సంచీ భుజానే ఉంది.

"ఓహో, డిక్షనరీ కూడా పెట్టెలు మోస్తుందే..." అని, వదిన మొహం చూసి ఆపేశాడు. "ఏమైంది?"

"నీ పెళ్ళాం చెప్తుంది. మొత్తం చెప్పించుకో. ముందు ఇది పట్టు."

అతను అయోమయంగా భార్య చేతిలోంచి పిడి అందుకున్నాడు. పెట్టె కిందికి వెళ్ళిపోయింది. చిన్నకోడలు మలుపులో ఒక్కతే నిలబడింది. పిడి అంచు గీసుకుని అరచెయ్యి ఎర్రగా ఉంది.

పైనుంచి బావగారు గోడ పట్టుకుని దిగుతున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు. మాట్లాడటానికి ఊపిరి సరిపోక కాసేపు అలాగే ఉన్నాడు.

"పన్నెండు రోజుల్లో డాక్టరు దగ్గరికెళ్ళాలి" అన్నాడు మెల్లగా. "ఆయన గబగబా ఇంగ్లీషులో చెప్పేస్తాడు. నాకేం తెలుస్తుంది, మీ అక్కకేం తెలుస్తుంది? నువ్వు రావాలమ్మా."

"నేనా బావగారూ?"

"తెలిసింది తెలిసినట్టు చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు. అంతకంటే నాకేం కావాలి?"

కింద పెట్టె నేలకు దిగిన చప్పుడైంది. పెద్దకోడలు మెట్ల మొదట్లో నిలబడి, రెయిలింగ్ మీద చెయ్యి వేసి, పైకి చూస్తోంది. ఆ మాటలు ఆమెకు వినిపించాయో లేదో తెలియదు. బావగారు జవాబు కోసం ఆగి ఉన్నాడు. చిన్నకోడలు కిందికి, అక్క ఒప్పుకుంటుందా అని ఆ మొహంలోకి చూసింది. చూపు తిప్పుకోలేకపోయింది.